గోడ మీద గీత

మా అమ్మమ్మ ఇంట్లో నడిచేటప్పుడు ఎడమచేతి వేళ్లను గోడకు ఆనించి నడిచేది. పడకగది గుమ్మం దగ్గర మొదలైన ఆ వేళ్ల ప్రయాణం నడవా పొడుగునా సాగి, పెరటి తలుపు దగ్గర ముగిసేది. ఏళ్ల తరబడి అలా నడవడం వల్ల గోడ మీద, దాదాపు నా భుజం ఎత్తున, ఒక మసక గీత ఏర్పడింది. రంగు వేయించిన ప్రతిసారీ అది మాయమయ్యేది, కొన్ని నెలలకు మళ్లీ తేలేది. గోడలు మురికి చేస్తున్నామని అమ్మ మమ్మల్ని, అంటే పిల్లలందరినీ, వరసగా నిలబెట్టి మందలిస్తుంటే, అమ్మమ్మ ఆ పక్కనే కూర్చుని, తనకేమీ పట్టనట్లు కళ్లజోడు తుడుచుకుంటూ ఉండేది. ఒకసారి ఉండబట్టలేక, "అమ్మమ్మా, గోడను ఎందుకు పట్టుకుంటావు?" అని అడిగాను. "నేను పట్టుకోకపోతే అది పడిపోతుందే" అంది. చాలాకాలం ఆ మాటను నమ్మాను.

నాకిప్పుడు 71 ఏళ్లు. అమ్మమ్మ పోయి అర్ధశతాబ్దం దాటింది. ఆవిడ బతికున్న రోజుల్లో నాకు అర్థంకాని పనులన్నీ, మేము చాటుగా నవ్వుకున్నవీ, కోపం తెచ్చుకున్నవీ, ఇప్పుడు ఒక్కొక్కటిగా నా ఒంట్లోకి వచ్చి చేరి, తమ కారణాలు తామే చెప్పుకుంటున్నాయి.

ఆవిడ దగ్గర నాకు దొరికిన మొదటి కొలువు సూదిలో దారం ఎక్కించడం. సూదిని చేయి చాచినంత దూరంలో పట్టుకుని, తల వెనక్కి వాల్చి, దారం కొసను నోట తడిపి మూడు నాలుగుసార్లు గురిచూసి, చివరికి "ఇలా రా తల్లీ" అని పిలిచేది. ఆ బెజ్జం నాకు గుమ్మమంత పెద్దగా కనిపించేది కనుక, నన్ను మురిపించడానికే ఆవిడ చేతకానట్లు నటిస్తోందనుకునేదాన్ని. చత్వారం అన్న పేరులోనే నలభై దాగి ఉందనీ, ఆ వయసుకు కంటిలోని కటకం మెత్తదనం పోగొట్టుకుని, దగ్గరి వస్తువుల కోసం తన ఆకారం మార్చుకోలేకపోతుందనీ నాకు తెలిసేనాటికి, నేనూ చేయి చాచే సూది పట్టుకుంటున్నాను.

కుట్టుపనిలోనే నేను చేసిన పెద్ద తప్పు ఒకటుంది. చిరిగిన నా ముదురు నీలం గౌనును ఆవిడ ఒక రాత్రి కూర్చుని నల్ల దారంతో కుట్టి ఇచ్చింది. బడిలో ఎవరో వేలెత్తి చూపించారని ఇంటికి వచ్చి ఏడ్చి, ఆవిడ కళ్లెదుటే ఆ కుట్లన్నీ విప్పేశాను. ఆవిడ ఏమీ అనలేదు, ఊడిన దారపు ముక్కలను ఏరి ఉండ చుట్టింది. నాకు 67వ ఏట శుక్లాల ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన మర్నాడు అలమర తెరిచి చూస్తే, ఎన్నో ఏళ్లుగా నలుపనుకుని వాడుతున్న బట్టల్లో రెండు నీలంగా తేలాయి. వయసుతో కటకం పసుపుబారుతుందట, ఆ పసుపు ముందుగా నీలిరంగు వెలుగునే మింగేస్తుందట. ఇదంతా అంగుళం అంగుళంగా జరుగుతుంది కనుక చూసేవాళ్లకు ఏదో తగ్గిందన్న అనుమానం కూడా రాదు. ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనే 1923లో, 82 ఏళ్ల వయసులో కంటి ఆపరేషన్ చేయించుకుని, తర్వాత రంగులు తనకు తెలిసినట్లు కనిపించడం లేదని చాలాకాలం సణిగాడని చదివాను. రంగులతోనే బతికిన మనిషి పరిస్థితే అదైతే, చిన్న దీపం ముందు కూర్చుని మనవరాలి గౌను కుట్టిన ఆవిడ నీలానికీ నలుపుకూ తేడా ఎక్కడినుంచి తెస్తుంది? ఆ రోజు అలమర తలుపు పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయాను.

మాకు ఆవిడ మీద మరో ఫిర్యాదు ఉండేది. మావయ్యలు గదికి అవతలినుంచి మాట్లాడినా ఆవిడకు వినబడేది, మనవరాళ్లం పక్కన కూర్చుని చెప్పినా "ఆఁ?" అనేది. మగవాళ్ల మాటకే విలువ ఇస్తుందని మా అక్క తీర్పు చెప్పింది, మేమంతా ఒప్పుకున్నాం. వయసుతో వినికిడి తగ్గేటప్పుడు ముందుగా పోయేవి సన్నని, హెచ్చు స్థాయి శబ్దాలనీ, పిల్లల గొంతులూ ఆడవాళ్ల గొంతులూ మగవాళ్ల గొంతులకంటే అటువైపే ఎక్కువగా ఉంటాయనీ అప్పుడు ఎవరు చెప్పాలి? 'స', 'ఫ', 'త' వంటి హల్లులు కూడా ఆ జాబితాలోవే. అచ్చులు చెవిన పడతాయి, హల్లులు జారిపోతాయి. అందుచేత ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమంటున్నారో తెలియదు. అరిస్తే అచ్చులే పెద్దవవుతాయి తప్ప హల్లులు తిరిగి రావు. ఎదురుగా వచ్చి, ముఖం కనబడేలా, కాస్త నిదానంగా చెబితే సగం ఇబ్బంది తీరుతుంది. ఇంత చిన్న సంగతిని నా సొంత కొడుక్కి నేర్పడానికి నాకు ఏడాది పట్టింది, అరవడం వాడికి అంత సులువు మరి.

వినికిడి యంత్రం పెట్టుకోవడానికి సిగ్గుపడి రెండేళ్లు గడిపాను. అవి నేను వినబడని జోకులకు అందరితోపాటు నవ్విన రెండేళ్లు. నవ్వాల్సిన చోట నవ్వడం తేలికే, చిక్కంతా ప్రశ్నలతోనే వస్తుంది. ఒకరోజు నా మనవరాలు ఏదో అడిగితే "అలాగేనమ్మా" అని తల ఊపాను. పిల్ల ముఖం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయింది. "నేనంటే నీకు విసుగా నానమ్మా?" అని అడిగిందట. ఆ వారమే వెళ్లి యంత్రం తెచ్చుకున్నాను. మొదటి రోజు నన్ను ఆశ్చర్యపరిచింది మనుషుల మాటలు కాదు, పుస్తకంలో పేజీ తిప్పినప్పుడు అయ్యే చప్పుడు. అది ఎప్పుడు మానేసిందో కూడా నాకు గుర్తులేదు.

అమ్మ విషయానికి వస్తే, ఆవిడకు యాభై ఏళ్లు రాబోతున్న రోజుల్లో చలికాలపు అర్ధరాత్రి లేచి కిటికీలన్నీ తెరిచేది. నాన్నగారు మాటాడకుండా దుప్పటి తలమీదికి లాక్కునేవారు. ఆ కాలంలో అమ్మకు కోపం ఎక్కువని, ఊరికే చిరాకు పడుతుందని ఇంట్లో అందరికీ ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది, దానికి ఇంకో పేరు ఉండవచ్చని ఎవరికీ తోచలేదు. నాకు 49వ ఏట, నలుగురూ కూర్చున్న గదిలో, మెడ దగ్గర మొదలైన వేడి ఆవిరి ఒక్కసారిగా చెవుల దాకా పాకినప్పుడు, చేతిలో ఉన్న కాగితాలతో విసురుకుంటూ నేను మొదట తలచుకున్నది ఆ కిటికీలను. సాధారణంగా 45, 55 ఏళ్ల మధ్య నెలసరి ఆగిపోతుందని, 12 నెలలు వరసగా రాకపోతేనే ఆగినట్లు లెక్క అని, ఆ ముందు కొన్నేళ్లు నిద్ర, మనసు, ఒంటి వేడి అన్నీ అదుపు తప్పవచ్చని నాకు ఇంట్లో ఏ ఆడమనిషీ చెప్పలేదు. అమ్మ కూడా చెప్పలేదు, ఆవిడకు వాళ్లమ్మ చెప్పలేదు కనుక. ఈ మధ్య మా అమ్మాయి ఫోన్ చేసి, గొంతు తగ్గించి, "అమ్మా, నీకు కూడా ఇలాగే ఉండేదా?" అని అడిగింది. దానికి 46 ఏళ్లు. ఆ రాత్రి మేమిద్దరం గంటన్నర మాట్లాడుకున్నాం. చిన్నప్పుడు దానికి కథలు చెప్పినప్పుడు కూడా అది అంత శ్రద్ధగా విన్నట్లు గుర్తులేదు. ఇంకో మాట కూడా చెప్పాను: ఆ తుపాను దాటాక, ఏ తేదీకి ఎక్కడ ఉంటానో, ఏ బట్ట వేసుకోవాలో లెక్కపెట్టుకోనక్కరలేని రోజులు వచ్చాయని, ముప్ఫై అయిదేళ్లకు పైగా మోసిన కేలండరును దించేసిన సుఖం ఎంతటిదో నాకు ముందు తెలిసి ఉంటే తుపానుకు అంత భయపడేదాన్ని కాదని.

అయితే నెలసరిని నడిపించే ఈస్ట్రోజెన్ అనే హార్మోను పోతూపోతూ ఎముకల కాపలాను కూడా వెంట తీసుకుపోతుంది. నెలసరి ఆగిన తర్వాతి కొన్నేళ్లలో ఎముక సాంద్రత వేగంగా తగ్గుతుందనీ, వెన్నుపూసలు నొప్పి కూడా తెలియకుండా నలిగిపోవచ్చనీ నాకు 66వ ఏట తీసిన ఎముకల పరీక్ష చెప్పింది. ఆరోగ్యవంతులైన యువతుల సగటును సున్నాగా పెట్టుకుని, మైనస్ 2.5 దాకా దిగితే ఎముకలు గుల్లబారాయని లెక్కవేస్తారు, నాది మైనస్ 2.7. అదే రోజు ఎత్తు కొలిస్తే నా పెళ్లినాటి ఎత్తుకు 4 సెంటీమీటర్లు తక్కువ వచ్చింది. చిన్నప్పుడు ప్రతి సెలవులకూ అమ్మమ్మ పక్కన నిలబడి, ఎంత పెరిగానో చూసుకుని గెంతేదాన్ని. ఆ కొలతలో కొంత వాటా ఆవిడ తగ్గడం వల్ల వచ్చిందని ఇప్పుడు తెలుస్తోంది.

నేను పడింది 68వ ఏట, మావారు పోయిన మూడేళ్లకు. రాత్రి రెండున్నరకు బాత్రూముకు లేచి, దీపం వేస్తే నిద్ర పోతుందని వేయకుండా నడిచి, మడతపడిన చాప అంచు తగిలి ముందుకు తూలాను. పడేటప్పుడు మనిషి చేయి చాచకుండా ఉండలేదు. కుడి మణికట్టు విరిగింది. సరిగ్గా ఈ చోట ఎముక విరగడాన్ని ఐర్లండు శస్త్రవైద్యుడు అబ్రహాం కోలెస్ 1814లోనే వర్ణించాడనీ, ఇప్పటికీ దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారనీ కట్టు కట్టిన కుర్ర డాక్టరు నా ధ్యాస మళ్లించడానికి చెప్పాడు. నా వయసు ఆడవాళ్లకు ఇది ఎంత మామూలో ఆ వరండాలో కూర్చున్న మరో ఇద్దరి చేతులు చూస్తే తెలిసింది. ఒకరినొకరు చూసుకుని, "మీరెక్కడ పడ్డారు?" అని అడిగి, ముగ్గురమూ పగలబడి నవ్వాం.

కట్టు ఆరు వారాలు ఉంది. మా అమ్మాయి సెలవు పెట్టి వచ్చింది. మొదటి రోజు పొద్దున నా వెనక కూర్చుని తల దువ్వింది. పాపిడి తీయడానికి దువ్వెన మొనను నుదుటి మధ్యనుంచి వెనక్కి లాగుతూ, రెండో చేత్తో గడ్డం పట్టుకుని నా తలను తిన్నగా నిలబెట్టింది. అది నా పద్ధతి. అది బడికి వెళ్లే రోజుల్లో, కదులుతుంటే విసుక్కుంటూ నేను చేసింది అచ్చంగా అదే. చిక్కు తగిలినప్పుడు కింద కుదురు పట్టుకుని నొప్పి తెలియకుండా విడదీయడం మాత్రం నాకు రాదు, అది సొంతంగా నేర్చుకుంది. గుండీలు పెట్టించుకోవడం, అన్నం కలిపి పెట్టించుకోవడం నాకు మొదటి వారం నరకంగా ఉండేది, ప్రతిదానికీ "వద్దులే, నేను చేసుకుంటాను" అనేదాన్ని. నాలుగో వారానికి అనడం మానేశాను. జీవితమంతా ఎవరికో ఒకరికి చేసిపెడుతూ గడిపిన మనిషికి చేయించుకోవడం అన్నది విడిగా నేర్చుకోవలసిన పని. నాకు ఇప్పటికీ పూర్తిగా రాలేదు.

కట్టు విప్పాక వ్యాయామం నేర్పిన ఆవిడ చెప్పిన మాటతో అమ్మమ్మ గోడ రహస్యం విడింది. చీకట్లోనో, కాళ్లు తడబడినప్పుడో, బరువు వేయకుండా ఒక్క వేలికొనతో గోడను తాకితే చాలట, శరీరపు ఊగిసలాట గణనీయంగా తగ్గుతుందట. గోడ మనిషిని మోయదు, నిటారుగా ఉన్నదెటో ఆ వేలి ద్వారా మెదడుకు చెబుతుంది. అమ్మమ్మకు ఈ శాస్త్రం తెలియదు, ఆవిడ వేళ్లకు తెలుసు. ఆవిడకు దొరకనిది, నాకు దొరికింది ఒకటి ఉంది: ముసలి కండరాలకు కూడా బలం వస్తుందన్న నమ్మకం. 1990లో ప్రచురించిన ఒక అమెరికా అధ్యయనంలో, వృద్ధుల నివాసంలో ఉండే 90 ఏళ్ల వాళ్లు 8 వారాలు బరువులతో కాళ్లకు వ్యాయామం చేస్తే వాళ్ల బలం రెట్టింపుకు మించి పెరిగింది. ఆ సంగతి తెలిశాక, రోజూ పళ్లు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడటం మొదలుపెట్టాను. మా ఇంట్లో వాళ్లు దీన్ని నానమ్మ తపస్సు అంటారు.

మావారి గురించి ఎక్కువ రాయలేను. ఆడవాళ్లు సగటున మగవాళ్లకంటే 5 ఏళ్లు ఎక్కువ బతుకుతారు, పెళ్లిలో సాధారణంగా వాళ్లే చిన్నవాళ్లు, ఈ రెండూ కలిస్తే చివరి కొన్నేళ్లు ఒంటరిగా నడవాల్సింది ఎవరో లెక్క వేయనక్కరలేదు. లెక్క తెలిసి ఉండటం వల్ల ఆ కుర్చీ ఖాళీ తగ్గదు. బ్యాంకు కాగితాలు, బీమా కాగితాలు అన్నీ ఆయనే చూసేవారు. 65 ఏళ్లకు నేను మొదటిసారి ఆ సొరుగు తెరిచి, ఒక్కో కాగితమూ చదివి, అర్థంకానివి అడిగి తెలుసుకుని, ఏడాది తిరిగేసరికి మా అబ్బాయి చేసిన ఒక లెక్కలో తప్పు పట్టాను. ఆ రోజు సాయంత్రం ఆ విషయం చెప్పాలనిపించిన మనిషి ఒక్కరే. ఆయనే లేరు.

మరో బాధ కూడా చెప్పాలి. ఈమధ్య ఒక డాక్టరు నా ఎదుటే మా అబ్బాయి వైపు తిరిగి, "ఆవిడకు రాత్రి నిద్ర పడుతోందా?" అని అడిగారు. నేను మూడడుగుల దూరంలో ఉన్నాను, నిద్ర నాది. వాడు నోరు తెరిచేలోగా, "మూడు గంటలకు మెలకువ వచ్చేస్తుందండీ, ఆ సంగతి వాడికి తెలియదు, వాడు అప్పుడు గుర్రుపెడుతుంటాడు" అన్నాను. ఆయన నవ్వి, మిగతా ప్రశ్నలన్నీ నన్నే అడిగారు. నలభై ఏళ్లప్పుడైతే నేను తల వంచుకుని ఊరుకునేదాన్ని, ఇంటికి వచ్చి వారం రోజులు ఉడుక్కునేదాన్ని. ముసలితనం నాకిచ్చిన వరాల్లో ఈ నోరు ఒకటి.

ఆ మూడు గంటల మెలకువ కూడా నన్ను మొదట్లో భయపెట్టింది. వయసు పైబడితే నిద్ర పలచబడుతుంది, ఒంటిలోని గడియారం ముందుకు జరుగుతుంది. అమ్మమ్మ ఆ వేళకు లేచి, అలికిడి లేకుండా, ఉతికిన బట్టలు చీకట్లోనే మడతపెట్టేది. నేను దీపం వేసుకుని చదువుకుంటాను. ఎవరూ పిలవని, ఎవరికీ నా అవసరం లేని ఆ రెండు గంటలు నా జీవితంలో ఇంతకుముందు ఏ దశలోనూ లేవు. మేరీ డెలానీ అనే ఇంగ్లండు వితంతువు 72వ ఏట రంగు కాగితాలు కత్తిరించి పూలు చేయడం మొదలుపెట్టి, చూపు మందగించేదాకా పదేళ్లలో దాదాపు 1000 పూలు చేసిందనీ, అవి ఇప్పటికీ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయనీ అలాంటి ఒక తెల్లవారుజామునే చదివాను. నేను పూలు చేయలేదు. అప్పటిదాకా చదవని ఒక లిపిని నేర్చుకోవడం మొదలుపెట్టాను, ఇప్పటికి అక్షరాలు కూడబలుక్కుంటున్నాను, తప్పులు దిద్దేవాళ్లు లేకపోవడం హాయిగా ఉంది.

ఓర్కా తిమింగలాల సంగతి కూడా అలాగే తెలిసింది. వాటిలో ఆడవి 40 ఏళ్ల ప్రాంతంలో కనడం మానేసి, ఆ తర్వాత కూడా దశాబ్దాలు బతుకుతాయి. చేపలు దొరకని కరువు ఏడాదుల్లో గుంపుకు ముందు ఈదేది ఎక్కువగా ఈ ముసలమ్మలేనని, ఎక్కడ వెతకాలో వాటికి గుర్తుంటుందని పరిశోధకులు గమనించారు. మా మనవరాలికి ఆరేళ్లు. దానికి ఈ కథ చెప్పినప్పటినుంచి ఇంట్లో ఏ వస్తువు కనబడకపోయినా, "తిమింగలాన్ని అడుగుదాం" అంటోంది. నా కళ్లజోడు పోయినప్పుడు మాత్రం అదే వెతుకుతుంది.

కిందటి నెలలో మా కోడలు నడవా గోడ మీద మసక గీత ఉందని కనిపెట్టింది. కొత్తగా రంగు వేయించి ఏడాది కూడా కాలేదు కనుక బాధపడటం సహజమే. పిల్లను పిలిచి, ఆడుకుని వచ్చిన చేతులు గోడకు రుద్దవద్దని ఎన్నిసార్లు చెప్పానని మందలించింది. నేను పక్క కుర్చీలోనే ఉన్నాను. నిజం చెప్పడానికి నాకు కావలసినంత సమయం దొరికింది, చెప్పలేదు. కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాను. పిల్ల ఏడవలేదు, గోడ దగ్గరికి వెళ్లి ఆ గీతను ఈ చివరినుంచి ఆ చివరిదాకా పరీక్షగా చూసింది. "అమ్మా, నేను పరుగెడతాను కదా, నేను గీస్తే వంకరగా వస్తుంది. ఇది తిన్నగా ఉంది. ఎవరో మెల్లగా నడిచారు" అంది. ఇద్దరూ నా వైపు చూశారు.

తర్వాతి ఆదివారం మా అబ్బాయి నడవా పొడుగునా ఒక చెక్క కడ్డీ బిగించాడు. నున్నగా, గట్టిగా, నా నడుము ఎత్తున ఉంది. పగలు అందరి ఎదుటా దాన్నే పట్టుకుని నడుస్తాను. తెల్లవారుజామున ఒక్కదాన్నే ఉన్నప్పుడు మాత్రం నా వేళ్లు కడ్డీ దాటి, పైన గోడ మీదికి వెళ్తున్నాయి.